ముప్పయ్యో వంతు



పన్నుల గురించి మన ప్రాచీన సాహిత్యం ఏం చెప్పిందని అడిగితే ఎక్కువమందికి ముందుగా గుర్తుకొచ్చేది కాళిదాసు రఘువంశం. దిలీపుడు ప్రజల దగ్గర పన్ను తీసుకున్నది వాళ్ల మేలు కోసమేననీ, సూర్యుడు నీటిని పీల్చుకునేది ఎన్నో రెట్లుగా తిరిగి కురిపించడానికేననీ ఆ కావ్యం మొదటి సర్గలోనే వస్తుంది. బడ్జెట్ల కాలంలో ఈ పోలిక తరచు వినపడుతూ ఉంటుంది. భావం గొప్పదే. కానీ దాన్ని పట్టుకుని ఒక ఆర్థిక విధానాన్ని నిలబెట్టబోతే చిక్కు వస్తుంది. సూర్యుడు ఎంత తీసుకోవాలో ఎవరూ నిర్ణయించలేరు. వాన కురవకపోతే ఎవరినీ నిలదీయలేరు. పాలకుడి మంచితనం మీద భారం వేసి కూర్చోవడం తప్ప ప్రజల చేతిలో ఏమీ ఉండదు. పాలకుడు ఎంతవరకు తీసుకోవచ్చు, ఏ పరిస్థితిలో తీసుకోకూడదు, ఆ హద్దు అందరికీ ముందే తెలియాలా వద్దా అన్న ప్రశ్నలకు మన కావ్యాల్లోనూ శాసనాల్లోనూ ఇంతకంటే గట్టి జవాబులున్నాయి. వాటిని దగ్గర పెట్టుకుని నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక ప్రభుత్వ విధానాన్ని తూచేటప్పుడు అది ఎంత పంచిపెట్టిందని చూడటానికి ముందు, తీసుకునే వీలుండి కూడా దేన్ని ముట్టుకోనని మాట ఇచ్చిందో, ఆ మాట మీద ఎంతకాలం నిలబడిందో చూడాలి.

బాపట్ల జిల్లాలో, సముద్రానికి దగ్గరగా మోటుపల్లి అనే ఊరుంది. ఇవాళ అది చిన్న పల్లె. పదమూడో శతాబ్దంలో తెలుగు దేశపు పెద్ద రేవుల్లో ఒకటి. అక్కడి వీరభద్రాలయంలో కాకతి గణపతిదేవుడు వేయించిన రాతి స్తంభ శాసనం ఉంది. కాలం శక సంవత్సరం 1166, అంటే క్రీస్తు శకం 1244-45. చరిత్రకారులు దాన్ని అభయ శాసనం అంటారు. సముద్రం మీద వచ్చే, పోయే వర్తకులందరికీ, వాళ్లు ఏ దేశం, ఏ దీవి, ఏ పట్టణం వాళ్లయినా సరే, రాజు అందులో ఒక హామీ ఇచ్చాడు. అంతకుముందు రాజులు ఏం చేసేవారో దాచకుండా చెప్పాడు. ఒక దేశం నుంచి మరో దేశానికి బయల్దేరిన ఓడ తుపానుకు చిక్కి, బద్దలై ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారట. తాను మాత్రం దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ ఆ పని మానుకుంటున్నానన్నాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రానికి ఎదురెళ్లిన మనుషులకు నిర్ణీత సుంకం మినహా మిగిలినదంతా వదిలేస్తున్నానన్నాడు. ఎగుమతి అయినా దిగుమతి అయినా ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. ఆ తర్వాత సరుకుల పట్టిక వస్తుంది. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు. దేనికి ఎంత కట్టాలో రాతి మీదే చెక్కి ఉంది.

ఆ పట్టిక దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ధర్మం, దయ, కీర్తి అన్న మాటలు మన శాసనాల్లో అడుగడుగునా కనిపిస్తాయి. పోకలకింత, పట్టునూలుకింత అని రేవు దగ్గర నిలబెట్టిన రాయి వేరే పని చేస్తుంది. చదువు వచ్చిన ఏ వర్తకుడైనా సుంకం వసూలు చేసే ఉద్యోగి ముందు నిలబడి రాజు చెప్పింది ఇదీ, నువ్వు అడుగుతున్నది ఇదీ అని చూపించగలడు. అంటే ఆ రాయి వర్తకుడికి ఎంత భరోసా ఇచ్చిందో, రాజోద్యోగి చేతిని అంత కట్టేసింది. దయ మనసులో ఉంటే రేపు మారొచ్చు. రాతి మీది అంకెను మార్చాలంటే పదిమంది ముందూ చెక్కించాలి. ఆర్థిక విధానంలో సగం పని ఇదే. పాలకుడు తన చేతులను తానే, అందరూ చూసేలా కట్టుకోవాలి.

ఎందుకు కట్టుకోవాలి? మన సామెత ఒకటి ఈ సంగతిని బాగా పట్టుకుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఓడ రేవుకు రాకముందు రాజుకు వర్తకుడి అవసరం ఉంది. రమ్మని ఎన్ని తీపి మాటలైనా చెబుతాడు. ఓడ ఒడ్డున పడ్డాక వర్తకుడికి పోయే దారి లేదు. అప్పుడు మాట తప్పడం వల్ల రాజుకు ఆ పూట లాభమే. కానీ ఈ సంగతి వర్తకుడికీ ముందే తెలుసు. తెలిసినవాడు అసలు ఓడనే ఇటు తిప్పడు. కాబట్టి మాట తప్పే స్వేచ్ఛ ఉన్న రాజుకు చివరికి దక్కేది ఖాళీ రేవు. ఇదే తర్కాన్ని 1977లో ఫిన్ కిడ్లాండ్, ఎడ్వర్డ్ ప్రెస్కాట్ అనే ఆర్థికవేత్తలు గణితంలో పెట్టి చూపించారు. ఎప్పటికప్పుడు తనకు ఏది మంచిదనిపిస్తే అది చేసే ప్రభుత్వం కంటే, ముందుగా ఒక నియమానికి కట్టుబడిన ప్రభుత్వమే ప్రజలకు ఎక్కువ మేలు చేయగలదన్నది వాళ్ల వాదన సారాంశం. ఆ పరిశోధనకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. మోటుపల్లి శాసనం వేయించినవాళ్ల దగ్గర ఆ గణితం లేదు. రేవులో ఓడలు తగ్గితే ఖజానా ఏమవుతుందో మాత్రం వాళ్లకు బాగా తెలుసు.

ఈ ఆలోచన గణపతిదేవుడితో మొదలైంది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో నౌకాధ్యక్షుడి విధులున్నాయి. గాలివానకు దెబ్బతిని వచ్చిన ఓడను తండ్రిలా ఆదుకోవాలనీ, నీళ్లలో తడిసిన సరుకుకు సుంకం మాఫీ చేయాలి లేదా సగమే తీసుకోవాలనీ అందులో ఉంది. కౌటిల్యుడు మెత్తని మనిషేమీ కాదు. అదే గ్రంథంలో దిగుమతి సరుకుకు మామూలు సుంకం అయిదో వంతు. అలాంటివాడు కూడా ఓడ దెబ్బతిన్నప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోమన్నాడు. మరో పక్క ఇంగ్లండును చూడండి. 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం ప్రకారం, బద్దలైన ఓడలోంచి ఒక మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే ఆ సరుకును దిక్కులేని సొత్తుగా లెక్కించకూడదు. సొంతదారు వచ్చి అడగడానికి అక్కడ గడువు కూడా ఇచ్చారు. మోటుపల్లి రాయికీ ఆ చట్టానికీ మధ్య 30 ఏళ్లే తేడా. తీరం ఉన్న ప్రతి రాజ్యానికీ ఒకే ఆశ, ఒకే పరీక్ష ఎదురయ్యాయి. ప్రతిచోటా జవాబు కోసం చట్టం వైపే వెళ్లాల్సి వచ్చింది.

దాదాపు మూడు శతాబ్దాలు ముందుకొచ్చి ఆముక్తమాల్యదను చూద్దాం. దాన్ని రాసిన కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలాడు. ఆ కావ్యం నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం విడిచి వెళుతూ కొడుక్కి చెప్పే రాజనీతి ఉంది. రేవులను బాగుచేసి గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, గంధం, ముత్యాలు వచ్చి పడేలా చూడమంటాడు. వానలు లేకనో, రోగాల వల్లనో, శత్రువుల బాధ పడలేకనో వచ్చి దిగిన పరాయి దేశపు జనాన్ని వాళ్ల తీరుకు తగ్గట్టు పోషించమంటాడు. దూరదేశాల నుంచి గుర్రాలు, ఏనుగులు తెచ్చే వర్తకులకు ఊళ్లు, పట్టణంలో ఇళ్లు ఇచ్చి, గౌరవించి, మంచి ధర కట్టి కొనమంటాడు. కారణం కూడా వెంటనే చెబుతాడు. అలా చేస్తే ఆ గుర్రాలు, ఏనుగులు శత్రువుల చేతికి పోవు. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకున్నారు. గుర్రాల వ్యాపారం ఎవరి వైపు మళ్లుతుందన్నది విజయనగరానికి చావుబతుకుల విషయం. ఇది కావ్యమే అయినా రాసినవాడు గుర్రాల ధర తెలిసిన రాజు.

అదే ఆశ్వాసంలో రేవు నుంచి పొలానికి వస్తే వాదం ఇంకా పదునెక్కుతుంది. రాజ్యం చిన్నదైనా చెరువులు, కాలువలు తవ్వించి, పేద రైతుకు పన్నులోనూ, కోరు అనే పంట వాటాలోనూ వెసులుబాటు ఇచ్చి వాణ్ణి బలపడనిస్తే, ధనమూ ధర్మమూ రెండూ పెరుగుతాయని రాయలు అంటాడు. ఆ వెంటనే దీనికి వ్యతిరేకమైన ఉద్యోగిని చూపిస్తాడు. ప్రజలు బాధలు పడలేక ఊరు వదిలిపోతుంటే వెనక్కి పిలవడు. వాళ్ల పశువుల్నీ ధాన్యాన్నీ అమ్ముకుందాం, ఇళ్ల కలప వంటచెరకుగా పనికొస్తుందని లెక్కలు వేసుకుంటాడు. అలాంటివాణ్ణి రాయలు యుద్ధభూమిలో తిరిగే నక్కతో సమానం చేశాడు. అలాంటి అధికారి ఉన్న రాజు ఏడు దీవులు ఏలినా బాగుపడడని తీర్పు చెప్పాడు. ఈ ఉద్యోగికీ, బద్దలైన ఓడ చుట్టూ మూగిన పాత రాజులకూ తేడా ఏమిటి? ఇద్దరూ చూస్తున్నది పడిపోయినవాడి వైపే. ఇద్దరికీ ఆ పూట రాబడి కనిపిస్తోంది. మరుసటి ఏడాది ఎవరు దున్నుతారు, ఎవరు ఓడ తెస్తారు అన్న లెక్క ఇద్దరి పద్దులోనూ లేదు.

దీన్నంతా ప్రజలకు ఉదారంగా పంచిపెట్టమన్న ఉపదేశంగా చదివితే పొరపాటే. రాయలు ఆదాయాన్ని నాలుగు భాగాలు చేసి, ఒకటి దానభోగాలకు, రెండు సైన్యానికి, ఒకటి భాండాగారానికి అన్నాడు. అంటే నాలుగో వంతు నిల్వ. కౌటిల్యుడు ఇంకా కఠినం. మినహాయింపులు ఇవ్వాలి, కానీ ఖజానా పెరిగేవే ఇవ్వాలి, ఖజానాను దెబ్బతీసేవి ఇవ్వకూడదంటాడు. ఎందుకంటే ఖజానా చిక్కిపోయిన రాజు చివరికి తన ప్రజలనే తింటాడు. కొత్తగా చెరువో కట్టో వేసినవాడికి అయిదేళ్లు, పాడుబడినదాన్ని బాగుచేసినవాడికి నాలుగేళ్లు పన్ను ఉండదని ఆయన లెక్క. ఆ అంకెలు చూడండి. గడువు ముందే తెలుసు. ఎవరికి వర్తిస్తుందో తెలుసు. అయిదేళ్ల తర్వాత పన్ను కట్టాలనీ తెలుసు. ఎన్నికల ముందు ఒకసారి వచ్చిపోయే మాఫీకీ దీనికీ చాలా దూరం. ఆ మాఫీ గతంలో చేసిన అప్పును చెరిపేస్తుంది. ఈ మినహాయింపు రేపు చెరువు తవ్వడానికి మనిషిని కదిలిస్తుంది.

ఆధునిక ఆర్థిక చింతన కూడా ఇక్కడికే వచ్చింది. ఆడమ్ స్మిత్ 1776లో వచ్చిన తన గ్రంథంలో పన్నులకు నాలుగు సూత్రాలు పెట్టాడు. సమానత, నిశ్చితత్వం, చెల్లించేవాడి సౌకర్యం, వసూలు ఖర్చులో పొదుపు. ఇందులో రెండోదాని గురించి ఆయన ఒక గట్టి మాట అన్నాడు. పన్ను భారం మనుషుల మధ్య చాలా అసమానంగా పడినా, అది ఎంత కట్టాలో తెలియని కొద్దిపాటి అనిశ్చితి చేసినంత కీడు చేయదని ఆయన అభిప్రాయం. పన్ను ఎంతో తెలియనప్పుడు వసూలు చేసేవాడి చేతిలో మనిషి చిక్కుకుంటాడు. లంచం అక్కడే పుడుతుంది. ఇబ్న్ ఖల్దూన్ 1377లో ముకద్దిమా రాస్తూ, రాజవంశం కొత్తలో తక్కువ పన్నులతో ఎక్కువ రాబడి పొందుతుందనీ, చివరి దశలో పన్నులు పెంచుకుంటూ పోయి తక్కువ రాబడి చూస్తుందనీ గమనించాడు. ఉత్తర ఆఫ్రికా, స్కాట్లాండు, తెలుగు తీరం ఒకదాని పుస్తకాలు మరొకటి చదివి ఈ నిర్ణయానికి రాలేదు. వేర్వేరు అనుభవాలు ఒకే చోటికి తెచ్చాయి. అందుకే ఈ సంగతిని ఒక దేశపు ఆచారమని పక్కన పెట్టలేం.

ఇక ఆక్షేపణలు. మొదటిది చరిత్రకారుల నుంచి వస్తుంది. కావ్యంలో రాజు ఏమైనా చెప్పుకుంటాడు, నేల మీద జరిగింది వేరు కదా అంటారు. ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. కృష్ణదేవరాయల తర్వాత కొద్దికాలానికి విజయనగరాన్ని గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రైతులు పండినదాంట్లో పదింట తొమ్మిది వంతులు దొరలకు ఇచ్చుకోవాల్సి వస్తోందని రాశాడు. అంకె అతిశయోక్తి కావచ్చు. రైతు మీద భారం ఎక్కువే అన్న సంగతిని అది దాచదు. రాయలు చెప్పిన నీతిని రాయల కింది నాయకులే పాటించి ఉండకపోవచ్చు. కానీ దీని నుంచి నీతి అబద్ధమన్న నిర్ణయానికి రాలేం. ఇళ్ల కలపను వంటచెరకుగా చూసే ఉద్యోగి ఊహలోంచి పుట్టేవాడు కాదు. అలాంటివాళ్లను రాజు చూశాడు కాబట్టే ఆ పద్యం అంత నిర్దిష్టంగా ఉంది. జబ్బు పేరు తెలిసినవాడు మందు వాడి ఉండకపోవచ్చు. అంతమాత్రాన ఆ జబ్బు లేదనలేం, ఆ మందు పనికిరాదనీ అనలేం.

రెండో ఆక్షేపణ ఇంకో వైపు నుంచి వస్తుంది. గణపతిదేవుడిది దయ కాదు, స్వార్థం. తీరాంధ్రం అతని చేతికి వచ్చింది, రేవు మీద రాబడి కావాలి, సైన్యానికి గుర్రాలూ ఏనుగులూ కావాలి. అందుకే వర్తకుల్ని బుజ్జగించాడు అంటారు. నిజమే. ఆ స్వార్థమే ఈ వాదానికి బలం. పాలకుడు పుణ్యాత్ముడైతేనే నిలిచే విధానం, అతని తర్వాత వచ్చేవాడితో కూలిపోతుంది. మాట నిలబెట్టుకోవడం తనకే లాభమని తెలిసినవాడి విధానం కాస్త ఎక్కువకాలం నిలుస్తుంది. శాసనం దయతో పాటు కీర్తినీ లెక్కలోకి తీసుకుంది. వర్తకానికి సంబంధించినంత వరకు కీర్తి అంటే పరపతి. కొన్ని దశాబ్దాల తర్వాత వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి అన్న పేరుతో తన గ్రంథంలోకి ఎక్కించాడు. ఆ రాజ్యపు వజ్రాల గురించీ, సన్నని నూలు బట్టల గురించీ, న్యాయంగా ఏలిన రాణి గురించీ చెప్పాడు. రేవు పేరు వెనిస్ దాకా వెళ్లిందంటే కీర్తి మీద పెట్టిన పెట్టుబడి వృథా కాలేదన్నమాట.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2007లో వోడాఫోన్ కంపెనీ విదేశంలో జరిగిన ఒక వాటాల లావాదేవీ ద్వారా మన దేశంలోని టెలిఫోన్ వ్యాపారాన్ని కొనుక్కుంది. దాని మీద పన్ను కట్టాలని ఆదాయపు పన్ను శాఖ అంది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ పన్ను చెల్లదని తీర్పు చెప్పింది. అదే ఏడాది ఆర్థిక చట్టంలో 1962 నుంచి వర్తించేలా సవరణ తెచ్చారు. అంటే లావాదేవీ జరిగిన నాటి చట్టాన్ని, జరిగిపోయాక మార్చారు. 2020లో వోడాఫోన్ కేసులోనూ, ఇలాగే వెనక తేదీ పన్ను పడిన కెయిర్న్ అనే కంపెనీ కేసులోనూ అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు భారత్ ఓడిపోయింది. 2021లో పార్లమెంటు ఆ వెనక తేదీ పన్నును ఎత్తేసింది. కెయిర్న్‌కు సుమారు 7,900 కోట్ల రూపాయలు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. పెద్ద కంపెనీలు పన్ను ఎగవేసే దారులు వెతుక్కుంటే ఊరుకోవాలా అని ఎవరైనా అడగవచ్చు. ఊరుకోనక్కరలేదు. మోటుపల్లి శాసనం సుంకాన్ని ఎత్తేయలేదు, వసూలు చేసింది. చట్టంలో కంత ఉంటే రేపటి నుంచి మూసేయడం ప్రభుత్వం హక్కు. నిన్న దిగిన ఓడకు ఇవాళ కొత్త సుంకం రాసి, నిన్నటి తేదీ వేయడమే ఆ రాయి వద్దన్న పని. మాట తప్పినందువల్ల వచ్చిన రాబడి ఏమిటో తొమ్మిదేళ్ల తర్వాతి లెక్క చెప్పింది.

మూడో ఆక్షేపణ పరిపాలకులది. కరవు వస్తుంది, యుద్ధం వస్తుంది, మహమ్మారి వస్తుంది. చేతులు కట్టేసుకున్న ప్రభుత్వం అప్పుడేం చేస్తుంది? ఈ ప్రశ్నను పాతవాళ్లు దాటేయలేదు. ఖజానా ఖాళీ అయిన ఆపదలో రాజు ఏమేం చేయవచ్చో కౌటిల్యుడు ఒక అధ్యాయమే రాశాడు. అందులో కొన్ని ఉపాయాలు వినడానికే ఒళ్లు జలదరిస్తుంది. కానీ అదనపు పన్ను అడగడం గురించి ఆయన పెట్టిన హద్దు స్పష్టం. ఒక్కసారే అడగాలి, రెండోసారి అడగకూడదు. వ్యాస భారతం శాంతిపర్వంలో భీష్ముడి ఉపదేశం మరో అడుగు వేస్తుంది. రాజు ముందు ప్రజలకు ముంచుకొచ్చిన భయం ఏమిటో వివరించాలి, మీ రక్షణ కోసమే ఈ ధనం అడుగుతున్నానని చెప్పాలి, ఆపద గడిచాక తిరిగి ఇస్తానని మాట ఇవ్వాలి. ఈ ఇద్దరి మాటలూ కలిపితే మూడు నియమాలున్నాయి. కారణం చెప్పడం, హద్దు చెప్పడం, గడువు చెప్పడం. అత్యవసరం పేరుతో పుట్టి, అత్యవసరం పోయినా పోని పన్నులకూ సెస్సులకూ ఈ మూడు కొలతలూ పెట్టి చూస్తే ఎన్ని నిలుస్తాయో శ్రోతలే ఆలోచించుకోవచ్చు.

నాలుగో ఆక్షేపణ అన్నిటికంటే బరువైనది. ఈ శాసనాలు, కావ్యాలు ఎవరి కోసం? ఓడలున్నవాడికి అభయం దొరికింది. ఆ ఓడలో మూటలు మోసినవాడికి దొరికిందా? కౌటిల్యుడి గ్రంథంలో శిక్షలు వర్ణాన్ని బట్టి మారతాయి. అలాంటి సమాజం నుంచి నేర్చుకోవలసింది ఏముంటుంది? ఈ మాటను ఒప్పుకునే ముందుకు వెళ్లాలి. ఆ సమాజపు నిచ్చెనమెట్లను వెనక్కి తెచ్చుకోవాలని ఎవరూ అనకూడదు. అక్కడ తీసుకోదగ్గది పద్ధతి. దెబ్బతిన్నవాడి దగ్గర తీసుకోను, నియమాన్ని ముందే అందరికీ చెబుతాను అన్న పద్ధతి. మనం చేయవలసింది దాన్ని ఓడ లేనివాడి దాకా తీసుకెళ్లడం.

అలా తీసుకెళ్లామా అని అడిగితే జవాబు కోసం కౌలు రైతు వైపు చూడాలి. తుపానుకు పంట పోయిన పొలమే ఇవాళ్టి బద్దలైన ఓడ. దాని మీద అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టింది కౌలుదారు. పట్టాదారు పాసు పుస్తకంలో ఉన్నది భూయజమాని పేరు. ప్రభుత్వం ఇచ్చే సాయం కాగితం మీద ఉన్న పేరు వెంట వెళుతుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలతో పెట్టుబడి సాయంగా వచ్చింది. అది పట్టా ఉన్నవారికే అందింది, కౌలుదారుకు అందలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. రెండోదాని ప్రకారం 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానికి భయం, అడిగితే మరుసటి ఏడాది కౌలు దొరకదేమోనని రైతుకు భయం. ఇక్కడ చట్టం ఉంది, పథకం ఉంది, డబ్బూ ఉంది. లేనిది భయం తీర్చే మాట. యజమానికి నీ హక్కు ఎక్కడికీ పోదని, సాగుదారుకు నీ పంట నష్టం నీ పేరునే రాస్తామని, ఇద్దరూ నమ్మేలా చెప్పగలిగితే తప్ప ఆ కార్డు అందరికీ చేరదు. నమ్మకం కలిగించడం కూడా ప్రభుత్వం చేసే పనుల్లో ఒకటి, రోడ్డు వేయడం లాంటిదే.

చివరిగా ఒక సంగతి. మాట ఇచ్చిన పాలకుడి తర్వాత ఆ మాట ఏమవుతుంది? కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. మోటుపల్లి మొదటి శాసనానికి నూరేళ్లు దాటాక, 1358లో, రెడ్డి రాజు అనపోతారెడ్డి అదే ఊళ్లో వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాల్సి వచ్చింది. పాత రాయి అక్కడే ఉంది. దాని వెనక నిలబడే రాజ్యం లేదు. ఒక వంశం మాట మరో వంశాన్ని కట్టేయదన్నది రాచరికంలో ఉన్న లోపం. ప్రజాస్వామ్యంలో ఆ లోపం ఉండకూడదు. ప్రభుత్వం అంటే పార్టీ కాదు, రాజ్యాంగం కింద కొనసాగే సంస్థ. అయినా 2015లో అమరావతి ప్రాంత రైతులు 33,000 ఎకరాలకు పైగా భూమిని రాజధాని కోసం భూసమీకరణ కింద ఇచ్చి, ప్రతిగా అభివృద్ధి చేసిన ప్లాట్లూ పదేళ్ల పాటు ఏటా కౌలూ అన్న హామీ తీసుకున్నాక, 2019లో ప్రభుత్వం మారడంతో ఆ ప్రణాళికే మారిపోయింది. 2024లో మళ్లీ మారింది. ఏ పార్టీ ఆలోచన మంచిదన్న చర్చ ఈ ప్రసంగానికి బయటిది. భూమి ఇచ్చినవాడు ఓడ దిగినవాడితో సమానం, వెనక్కి పోలేడు. అలాంటివాడికి ఇచ్చిన హామీ ఎన్నికల ఫలితం మీద ఆధారపడకూడదు. కొత్త ప్రభుత్వం దారి మార్చుకోవచ్చు. మార్చుకున్నప్పుడు పాత మాటకు పరిహారం కట్టి మరీ మార్చుకోవాలి.

శ్రోతలారా, ప్రభుత్వం కొత్త పథకం ప్రకటించిన రోజున మనం మొదట అడిగేది ఎంత ఇస్తున్నారని. ఇక మీదట దానితో పాటు మరో మూడు ప్రశ్నలు కూడా అడుగుదాం. నియమం ముందుగా, అందరికీ తెలిసేలా రాసి ఉందా? కష్టంలో పడ్డవాడి పేరు ఆ రాతలో ఉందా? ప్రభుత్వం మారితే ఆ రాత నిలుస్తుందా? ఈ మూడింటికీ అవునని చెప్పలేని పథకం ఎన్ని కోట్లదైనా సరే, దాన్ని నమ్మి పొలంలో విత్తనం వేయవలసిన అవసరం రైతుకు లేదు, ఓటు వేయవలసిన అవసరం మనకూ లేదు.